ఎక్సెల్‌లో ఒకేసారి రెండు షరతుల లెక్క.. ఏ పేరూ జారిపోకుండా సరిచూసుకోవడం ఎలా?

సీబీఎస్‌ఈ నిబంధనల ప్రకారం 10, 12 తరగతుల విద్యార్థులు బోర్డు పరీక్షలు రాయాలంటే కనీసం 75 శాతం హాజరు ఉండాలి. అనారోగ్యం వంటి కారణాలతో హాజరు తగ్గినవారు తగిన పత్రాలతో సడలింపు కోరవచ్చు. అయితే అటువంటి విద్యార్థులను పాఠశాల సకాలంలో గుర్తిస్తేనే ఆ అవకాశం ఉపయోగపడుతుంది. వందలాది పేర్లున్న షీటులో ఈ లెక్కను ఎక్సెల్ క్షణాల్లో తేలుస్తుంది. కానీ షరతును తప్పుగా రాస్తే అంతే వేగంగా తప్పుడు సంఖ్యనూ చూపుతుంది.

ఫార్ములా పనితీరు

ఒకే షరతుకు సరిపోయే గడులను లెక్కించడానికి 'కౌంట్‌ఇఫ్' ఉపయోగపడుతుంది. ఒకటి కంటే ఎక్కువ షరతులకు 'కౌంట్‌ఇఫ్స్' అవసరం. ఇది ఎక్సెల్ 2007తో అందుబాటులోకి వచ్చింది. గూగుల్ షీట్స్, లిబ్రేఆఫీస్‌లోనూ ఉంది. పదో తరగతిలో 75 శాతం కంటే తక్కువ హాజరు ఉన్నవారి సంఖ్య కావాలంటే ఫార్ములాలో నాలుగు అంశాలను వరుసగా ఇవ్వాలి. అవి తరగతి వివరాలున్న గడులు, 10 అనే షరతు, హాజరు వివరాలున్న గడులు, 75 కంటే తక్కువ అనే షరతు. 'కంటే తక్కువ' గుర్తును, అంకెను కలిపి జంట కొటేషన్ గుర్తుల మధ్య ఉంచాలి. రెండు చోట్లా ఇచ్చిన గడుల పరిమాణం సమానంగా లేకపోతే ఎక్సెల్ లోపాన్ని చూపుతుంది. ఇలా గరిష్ఠంగా 127 జతల వరకు ఇవ్వవచ్చు.

'మరియు', 'లేదా' తేడా

షరతులన్నీ నెరవేరిన వరుసలనే కౌంట్‌ఇఫ్స్ లెక్కిస్తుంది. 10, 12 తరగతులు రెండింటినీ ఒకే ఫార్ములాలో షరతులుగా పెడితే సున్నా వస్తుంది. ఒకే విద్యార్థి రెండు తరగతుల్లో ఉండడు కదా! ఈ సందర్భంలో తరగతికొక లెక్క వేసి కూడాలి.

షరతులు వేర్వేరు నిలువు వరుసల్లో ఉంటే కూడిక ఒక్కటే చాలదు. ఉదాహరణకు, హాజరు తగ్గినవారు 18 మంది, అంతర్గత మార్కులు నమోదు కానివారు 11 మంది, ఈ రెండు జాబితాల్లోనూ ఉన్నవారు నలుగురు అనుకుందాం. మొత్తం 29 కాదు, 25. ఇద్దరిలో ఉన్న నలుగురు రెండుసార్లు లెక్కకు వచ్చారు కనుక ఆ నాలుగును తీసివేయాలి.

లెక్కకు అందని వరుసలు

అసలు ప్రమాదం ఎక్సెల్ లోపం చూపని చోటే ఉంది. హాజరు గడి ఖాళీగా ఉంటే '75 కంటే తక్కువ' అనే షరతు ఆ వరుసను లెక్కించదు. అంకె పాఠ్య రూపంలో నమోదైతే, తెరపై 62 అని కనిపిస్తున్నా దానినీ వదిలేస్తుంది. హాజరును శాతం గుర్తుతో నమోదు చేసిన షీటులో 75 శాతం విలువ నిజానికి 0.75. అక్కడ 75 కంటే తక్కువ అని రాస్తే తరగతి మొత్తం హాజరు తగ్గినవారి లెక్కలో చేరుతుంది. సరిగ్గా 75 శాతం ఉన్నవారు అర్హులే కనుక 'తక్కువ లేదా సమానం' గుర్తు వాడకూడదు.

సరిచూసుకునే మార్గం

ఒక తరగతిలో 75 కంటే తక్కువ ఉన్నవారు, 75 లేదా అంతకు మించి ఉన్నవారు, హాజరు గడి ఖాళీగా ఉన్నవారు.. ఈ మూడు సంఖ్యలను విడివిడిగా లెక్కించి కూడాలి. ఆ మొత్తం ప్రవేశాల రిజిస్టరులోని విద్యార్థుల సంఖ్యతో సరిపోవాలి. తేడా వస్తే ఎక్కడో అంకె పాఠ్యంగా మారి ఉండవచ్చు, లేదా తరగతిని ఒకచోట 10 అని, మరోచోట పది అని రాసి ఉండవచ్చు. ఆ తేడా ఒక్కటే అయినా, దాని వెనుక ఉన్నది ఒక విద్యార్థి పరీక్ష. అందుకే జాబితాను పంపే ముందే ఈ కూడిక చేసి చూడటం మేలు.