నీళ్లు తాగి బిగిసే చెక్కబిళ్ల

బీచ్ చెట్టు చెక్కను పలచగా కోసి, యంత్రంలో పెట్టి గట్టిగా అదిమితే దాదాపు నాలుగు మిల్లీమీటర్ల మందాన కోలగా ఒక బిళ్ల వస్తుంది. వడ్రంగులు దాన్ని బిస్కట్ అంటారు. రెండు పలకల అంచుల్లో ఎదురెదురుగా గాళ్లు తీసి, జిగురు పోసి, బిళ్ల సగం ఇటు, సగం అటు దిగేలా పలకలను దగ్గరకు నొక్కుతారు. అదిమిన అటుకులు తడి తగిలితే ఉబ్బినట్టే ఆ బిళ్ల కూడా జిగురులోని నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది. గాడి నిండా బిగుస్తుంది. జిగురు ఆరేసరికి రెండు పలకలూ ఒకటవుతాయి. ఆ గాడి తీసే చేతి యంత్రమే బిస్కట్ జాయినర్.

దీన్ని కనిపెట్టింది హెర్మన్ స్టైనర్ అనే స్విస్ వడ్రంగి. 1944లో లీస్టాల్ ఊళ్లో సొంత దుకాణం పెట్టుకున్నాడు. అప్పటికి ఐరోపాలో మంచి కలపకు కరువు. రంపపు పొట్టును, చెక్క పేళ్లను జిగురుతో కలిపి వేడిగా అచ్చొత్తిన పార్టికల్ బోర్డు బజారులోకి వస్తున్న రోజులవి. ఫ్రెడ్ ఫార్ని అనే మరో స్విస్ దేశీయుడు మూడు పొరల బోర్డును నోవోపాన్ పేరుతో తెచ్చాడు. ఆ పేరు మనకూ కొత్త కాదు, హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో జీవీకే నోవోపాన్ కర్మాగారం ఉంది. ఈ బోర్డుతో వడ్రంగికి ఒక చిక్కు ఉంది. దానికి నార లేదు. బెజ్జంలో దిగే కుసి తీస్తే పొడిగా రాలిపోతుంది, అంచులో మేకు దిగ్గొడితే చీలుతుంది. వందల ఏళ్లుగా నేర్చుకున్న అతుకులు దాని దగ్గర పనికిరాకుండా పోయాయి. ఆ చిక్కుకు స్టైనర్ వెతికిన జవాబే ఈ బిళ్ల. 1956లో ఒకచోట బిగించి వాడే యంత్రం తయారైంది. చేత్తో పట్టుకుపోయే యంత్రం 1968లో వచ్చింది. మరుసటి ఏడు ఆ కుటుంబం లామెల్లో ఏజీ పేరున కంపెనీ పెట్టింది.

యంత్రం లోపల ఉన్నది ఒక చిన్న గుండ్రటి రంపం. మామూలుగా అది స్ప్రింగు వెనక దాగి ఉంటుంది. పలక అంచుకు ఆనించి నెట్టినప్పుడు మాత్రమే బయటికొచ్చి నెలవంక ఆకారంలో గాడి కోస్తుంది, చెయ్యి వదిలితే వెనక్కి పోతుంది. గాడి ఎప్పుడూ బిళ్లకన్నా కాస్త పొడుగు. నాకు ఈ యంత్రంలో బాగా నచ్చే తెలివి అదే. పలకల్ని అతికించాక కూడా జిగురు పట్టేలోపు ఓ రెండు మిల్లీమీటర్లు అటో ఇటో జరిపి సరిచేసుకోవచ్చు. పైకీ కిందికీ మాత్రం కదలనివ్వదు, రెండు పలకల ముఖాలూ ఒక మట్టంలో ఉంటాయి. ఉలి పట్టి బెజ్జం తొలవడానికి ఏళ్ల అలవాటు కావాలి. దీనికి ఒక పెన్సిలు గీత చాలు.

అయినా ఈ యంత్రం అమెరికా ఇళ్లకు చేరడానికి ఆ తెలివి ఒక్కటే సరిపోలేదు. టీవీ తోడైంది. బోస్టన్‌లోని డబ్ల్యూజీబీహెచ్ అనే ప్రజా టీవీ స్టేషన్‌లో రసెల్ మొరాష్ అనే నిర్మాత ఉండేవాడు. తన ఇంటి వెనక షెడ్డు కట్టడానికొచ్చిన నార్మ్ ఏబ్రమ్ అనే వడ్రంగిని గమనించాడు. పని ముగిసేసరికి అతని దగ్గర మిగిలిన చెత్తముక్కల కుప్ప చాలా చిన్నదట. కలపను అంత పొదుపుగా వాడే మనిషిని మొరాష్ వదల్లేదు. 1979లో ‘దిస్ ఓల్డ్ హౌస్’లో అతన్ని తెరమీదికి తెచ్చాడు, 1989లో ‘ద న్యూ యాంకీ వర్క్‌షాప్’ మొదలుపెట్టాడు. అది 2009 దాకా నడిచింది. వారానికో బల్లో బీరువానో తయారయ్యేది, వాటిలో ఎన్నింటికో అతుకు ఈ బిళ్లతోనే. ముందు కళ్లద్దాలు పెట్టుకోమని ప్రతిసారీ చెప్పే నార్మ్ మాటను లక్షలమంది నమ్మారు.

ఆ కార్యక్రమానికి డబ్బిచ్చినవాళ్లలో డెల్టా, పోర్టర్ కేబుల్ ఉన్నాయి. రెండూ పనిముట్ల కంపెనీలే, కార్యక్రమం సాగిన రోజుల్లో చాలాకాలం రెండింటి యజమానీ పెంటేర్ అనే ఒకే సంస్థ. అమెరికాలో ప్రజా టీవీకి వాణిజ్య ప్రకటనలు వేయడానికి వీల్లేదు. డబ్బిచ్చినవాళ్ల పేరు చెప్పవచ్చు. 1984లో నిబంధన సడలించాక వాళ్ల చిహ్నమూ చూపించవచ్చు. ధర చెప్పకూడదు, ఎదుటివాడి సరుకుతో పోల్చకూడదు, కొనమని అడగకూడదు. ఇంత కట్టడిలోనూ కంపెనీకి కావలసింది దక్కింది. కొనమని ఎవరూ అనలేదు, చేతిలో యంత్రం ఉంటే పని ఎంత సులువో చూపించారు, అంతే.

దీని పక్కన ఇంకో కార్యక్రమాన్ని పెట్టి చూడాలి. నార్త్ కరోలినాలో రాయ్ అండర్‌హిల్ 1979లో మొదలుపెట్టిన ‘ద వుడ్‌రైట్స్ షాప్’ అది. మూడు దశాబ్దాలకు పైగా నడిచింది. కరెంటు యంత్రం ఒక్కటీ లేదు. గొడ్డలి, రంపం, చిత్రిక, ఉలి, కాలితో తొక్కే తరిమెన, అంతే. ఏళ్లపాటు అతనికి డబ్బిచ్చింది స్టేట్ ఫార్మ్ అనే బీమా సంస్థ. బీమా సంస్థకు అమ్ముకోవడానికి పనిముట్లు లేవు, అందుకని చేతి పనిముట్లకు తెరమీద చోటు దక్కిందని నా నమ్మకం. ఇద్దరూ గొప్ప పనివాళ్లే, ఇద్దరూ నిజాయితీపరులే. కానీ చూసేవాళ్లకు ఏ పనిముట్టు అవసరమనిపిస్తుందో తేల్చింది ఎక్కువగా డబ్బు ఎక్కడినుంచి వచ్చిందన్నదే.

మన దేశంలో సరుకును జనానికి అలవాటు చేసే ఇదే పని టీవీ కార్యక్రమం లేకుండా జరిగింది. ఒకప్పుడు వడ్రంగులు జంతువుల ఎముకలు, తోళ్లతో చేసిన వజ్రం అనే జిగురును కాచి వేడివేడిగా రాసేవారు. 1959లో బల్వంత్ పారేఖ్ ఫెవికాల్ తెచ్చాడు. హార్డ్‌వేర్ కొట్లను నమ్ముకోకుండా నేరుగా వడ్రంగుల దగ్గరికే వెళ్లాడు. తరవాత ఫర్నిచర్ నమూనాల పుస్తకాలు వచ్చాయి, వడ్రంగుల సంఘాలు వచ్చాయి. ఊరి వడ్రంగి ఏ జిగురు పేరు చెబితే ఇంటాయన అదే కొన్నాడు. బిస్కట్ బిళ్లకు కావలసింది కూడా ఇలాంటి తెల్ల జిగురే, అందులో ఉండేది నీళ్లు మరి.

ఆ నీళ్ల దగ్గరే మన బందరు, గుడివాడ, దివిసీమల సంగతి వేరవుతుంది. చలికాలంలో హీటర్లు పెట్టుకునే బోస్టన్ ఇంట్లో చెక్కలోని తేమ ఐదారు శాతానికి దిగుతుంది. సముద్రపు గాలి తగిలే అవనిగడ్డ, నాగాయలంక వైపు వానాకాలంలో అది పదహారు దాకా పోతుంది. పది శాతం తేమ ఉన్న చెక్క పదహారుకు చేరితే, నారకు అడ్డంగా వంద మిల్లీమీటర్ల వెడల్పున్న టేకు పలక మిల్లీమీటరు పైచిలుకు పెరుగుతుంది. బీచ్ అయితే దానికి రెట్టింపు. వానల్లో తలుపు గుమ్మానికి పట్టేసేది ఇందుకే. మన వడ్రంగులు దీనికి విరుగుడు ఎప్పుడో కట్టారు. తలుపుకు చట్రం బిగించి, దాని గాడిలో పలకను జిగురు రాయకుండా కూర్చోబెడతారు. ఉబ్బడానికీ కుంగడానికీ దానికి చోటు ఉంటుంది.

బందరు–గుడివాడ రైలు దారిలో ఉన్న పెడనలో కలంకారీ అచ్చులు చెక్కేవాళ్లకు ఈ లెక్క ఇంకా బాగా తెలుసు. గీత అచ్చు ఒకటి, రంగు నింపే అచ్చులు వేరు, ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి. రోజంతా రంగునీళ్లలో నానే ముక్క ఒకటి ఉబ్బితే, పువ్వు రంగు గీత దాటి బయటికొస్తుంది. అందుకే టేకు వాడతారు, చెక్కిన అచ్చును నూనెలో నానబెడతారు. ఇక్కడ ఉబ్బడాన్ని ఆపడమే విద్య, స్టైనర్ బిళ్లలో ఉబ్బించడం విద్య. రెండు చోట్లా తెలుసుకోవలసింది నీటి సంగతే.

ఇప్పుడు గుడివాడ ఇళ్లలోనూ వంటగది బీరువాలు పార్టికల్ బోర్డువే వస్తున్నాయి కాబట్టి స్టైనర్ చిక్కు మన చిక్కు కూడా అయింది. అంచు పట్టీ ఊడిన చోట తడి చేరితే బోర్డు పొంగిపోతుంది, ఒకసారి పొంగితే మళ్లీ కుంగదు. బిళ్లల పొట్లం తెరిచి వదిలేస్తే గాలిలో తేమకే అవి లావెక్కి గాడిలో దిగవు. మూత బిగించిన డబ్బాలో పెట్టాలి, వాడబోయే ముందు ఎండలో ఆరబెట్టాలి. ముసురు రోజుల్లో జిగురు ఆరడానికి ఎక్కువసేపు పడుతుంది, బిగింపులు తొందరపడి తీయకూడదు. ఉప్పుగాలికి రంపం పళ్లు తుప్పు పడతాయి, నూనె గుడ్డతో తుడవాలి.

సేద్యానికి మన టీవీలో ‘అన్నదాత’ ఉంది. వడ్రంగానికీ అలాంటిది రావాలని నేను గట్టిగా కోరుకుంటాను, యంత్రాల కంపెనీ డబ్బిచ్చినా నాకు అభ్యంతరం లేదు. కాకపోతే మొదటి భాగం కోడూరులోనో నాగాయలంకలోనో తీయాలి. ఒకే కొలతతో రెండు పెట్టెలు, ఒకటి బిళ్ల అతుకుతో, ఒకటి కుసి అతుకుతో చేసి, జూన్ నుంచి డిసెంబరు దాకా వరండాలో వదిలేసి, నెలనెలా కొలిచి ఆ అంకెలన్నీ తెరమీద చూపించాలి.