ఓటు వేసి ఇంటికొచ్చేస్తే సరిపోతుందా?

ఎన్నికలు వచ్చాయంటే గోదావరి జిల్లాల్లో మస్జిదుల ముందు కార్లు ఆగుతాయి. దిగిన పెద్దమనిషి తలకు టోపీ పెట్టుకుంటాడు (కొలత సరిపోక అది జారిపోతూ ఉంటుంది), అందరికీ సలాం చెబుతాడు, ఖబరస్తాన్‌కు ప్రహరీ కట్టిస్తానంటాడు. జమాఅత్ పెద్దలు నలుగురు "మావాళ్ళ ఓట్లన్నీ తమకే బాబుగారూ" అని మాట ఇచ్చేస్తారు. ఆ "అన్నీ"లో తమ ఇంటి కోడలి ఓటు ఉందో లేదో కూడా వారికి తెలియదు. ఎన్నికలయిపోతాయి. ప్రహరీ సంగతి మళ్ళీ అయిదేళ్ళకు గుర్తొస్తుంది.

ఈ తంతుకు మనం ఎంతగా అలవాటు పడ్డామంటే, రాజకీయమంటే ఇదేనని మన పిల్లలు కూడా అనుకుంటున్నారు. నాయకుడు రావాలి, మనం అడగాలి, ఆయన ఇవ్వాలి, ఇవ్వకపోతే తిట్టుకోవాలి. ఒక ఎన్నికకూ ఇంకొక ఎన్నికకూ మధ్య మనం చేయవలసిన పనేమీ లేదా?

మన సంఖ్య ఎంతో మనకు తెలియనిది కాదు. పాత తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలు రెండింటిలోనూ ముస్లింలు నూటికి సుమారు ఇద్దరే. పట్టణాల్లో కొన్ని పేటల్లో గుంపుగా కనిపిస్తాం గాని, డెల్టా పల్లెల్లో ఊరికి పది ఇళ్ళు, మహా అయితే పాతిక ఇళ్ళు. అలాగని నిన్న మొన్న వచ్చి దిగినవాళ్ళమూ కాము. రాజమండ్రిలోని పాత మస్జిద్ శాసనం 1324 నాటిది. ఏడు వందల ఏళ్ళు దాటిపోయింది.

ఇంత తక్కువమంది ఉన్న చోటి నుంచే పిఠాపురం ఉమర్ ఆలీషా గారు (1885-1945) ఢిల్లీ దాకా వెళ్ళారు. తెలుగు కవి, సూఫీ పీఠాధిపతి అయిన ఆయన 1930ల మధ్యలో కేంద్ర శాసనసభకు ఎన్నికై, కన్నుమూసేదాకా సభ్యులుగా ఉన్నారు. అప్పట్లో ముస్లింల స్థానానికి ముస్లింలే ఓటు వేసేవారు. 1909 మింటో-మార్లే సంస్కరణలతో వచ్చిన ఆ ప్రత్యేక నియోజకవర్గాల పద్ధతి స్వతంత్ర భారత రాజ్యాంగంతో పోయింది. అయినా ఆలీషా గారి పేరు ఈ ప్రాంతంలో నేటికీ వినబడుతున్నది ఆ సభ్యత్వం వల్ల కాదు. ఆయన తెలుగులో రాశారు, మతం అడగకుండా అందరితో కూర్చున్నారు. మా ఉద్దేశంలో అదీ కారణం.

ఇప్పటి పద్ధతిలో అందరి ఓట్లూ అందరికీ కావాలి. ఏలూరు చూడండి. షేక్ నూర్జహాన్ గారు ఆ నగరానికి 2014లో ఒకసారి, 2021లో మరోసారి మేయరయ్యారు. యాభై డివిజన్ల కార్పొరేషన్ అది. మన ఓట్లను మాత్రమే లెక్కపెట్టుకుని కూర్చుంటే అది జరిగే పని కాదు. ఏ పార్టీ మంచిది, ఏది చెడ్డది అన్న చర్చ ఇక్కడ మాకు అనవసరం.

అసెంబ్లీ ఎన్నికలో పాతిక ఇళ్ళ ఓట్లు సముద్రంలో కాకిరెట్ట. పంచాయతీ వార్డులో అవే ఓట్లు గెలుపోటములు తేల్చేస్తాయి. అంతకన్నా ముఖ్యమైనది గ్రామసభ. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ దానికి రాజ్యాంగంలోనే చోటిచ్చింది. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివారూ అందులో సభ్యులే, ఎవరో పిలుపు పంపాలని చూడనక్కరలేదు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టి ఉపాధి హామీ పనులపై తీర్మానాలు చేశారు. ఆ రోజు శుక్రవారం! జుమాకు వచ్చిన మన సోదరుల్లో ఎంతమంది ఆ సభకు వెళ్ళారు? మేము అడిగినవారిలో ఎక్కువమందికి అలాంటి సభ ఒకటి జరిగిందనే తెలియదు.

ఖబరస్తాన్ సంగతే తీసుకుందాం. డెల్టా నేల ఎలాంటిదో ఇక్కడివాళ్ళకు చెప్పనవసరం లేదు. వానాకాలంలో రెండు మూడడుగులు తవ్వితే నీరు ఊరే చోట్లు ఎన్నో. ఖబరు తవ్వేవాడు ఒకడైతే, బకెట్లతో నీళ్ళు తోడిపోసేవాళ్ళు ఇద్దరు. దారి లేక జనాజాను భుజాన పెట్టుకుని చేలగట్ల మీద, బురదలో, కాలు ఎక్కడ జారుతుందోనని భయపడుతూ నడవాలి. అసలే దుఃఖంలో ఉన్న ఇంటివారికి ఆ దృశ్యం ఎంత క్షోభ! దీనికి ప్రహరీ మందు కాదు. కావలసింది మట్టి తోలి మెరక చేయడం, ఒక పక్క మురుగు కాలువ, నడవడానికి దారి. ప్రహరీ అయితే పదిమందికీ కనబడుతుంది, దాని మీద పేరు చెక్కించుకోవచ్చు. మట్టి తోలించినందుకు శిలాఫలకం ఎవరూ వేయించుకోరు. అందుకే హామీ ఎప్పుడూ ప్రహరీయే అవుతుంది.

ఈ బాధ మన ఒక్కరిదేనా? అదే ఊళ్ళో దళితపేట క్రైస్తవుల సమాధుల స్థలం కూడా అదే నీళ్ళలో ఉంటుంది. హిందువుల శ్మశానానికి వెళ్ళే దారి కూడా అదే బురద. శ్మశానాల ఏర్పాటు, నిర్వహణ పంచాయతీ బాధ్యతల్లో ఒకటి. ముగ్గురూ విడివిడిగా నాయకుడి కారు దగ్గర చేతులు కట్టుకుని నిలబడే బదులు, ముగ్గురూ కలిసి గ్రామసభలో ఒకే తీర్మానం అడిగితే దాన్ని కాదనడం ఏ సర్పంచికీ తేలిక కాదు. పాతిక ఇళ్ళవారి కోరిక అప్పుడు ఊరి కోరిక అవుతుంది.

అడగబోయే ముందు మన ఇల్లు చక్కబెట్టుకోవాలి. ఖబరస్తాన్ ఏ సర్వే నంబరులో ఉంది, ఎన్ని సెంట్లు, అడంగల్‌లో ఏమని రాసి ఉంది, వక్ఫ్ బోర్డులో నమోదయిందా లేదా? ఇవి మస్జిద్ కమిటీ కార్యదర్శికి కంఠతా వచ్చి ఉండాలి. చాలాచోట్ల ఆ కాగితాలు ఎప్పుడో చనిపోయిన ముతవల్లీ గారి ట్రంకు పెట్టెలో ఉంటాయి. 2025లో వక్ఫ్ చట్టాన్ని సవరించి, ఆస్తుల వివరాలు కేంద్ర పోర్టల్‌లో ఎక్కించాలన్నారు. ఆ చట్టం మంచిచెడ్డలు వేరే చర్చ. కాగితం చేతిలో లేనివాడి మాట ఏ చట్టం కిందా నిలవదు గదా!

ఇంకొక మాట నిష్ఠూరమైనా చెప్పాలి. మన పని ఉన్ననాడే సభకు వెళితే ఎవరికైనా అర్థమైపోతుంది. వేసవిలో కాలువలు కట్టేశాక మంచినీళ్ళ చెరువు అడుగంటితే అందరి బిందెలూ ఖాళీయే. ఆ చెరువు పూడిక మాట వచ్చిన రోజున మనవాళ్ళు అక్కడ కనబడితే, ఖబరస్తాన్ మాట వచ్చిన రోజున మిగతావారు మన పక్షాన పలుకుతారు.

పట్టణాల్లో చిక్కు వేరు. 2021 మార్చిలో రాష్ట్రమంతటా మునిసిపల్ ఎన్నికలు జరిగినా రాజమండ్రి కార్పొరేషన్‌కు జరగలేదు. కార్పొరేటరే లేనప్పుడు పేటలో డ్రైను పూడితే ఎవరి ఇంటికి వెళ్ళి చెప్పాలి? వార్డు సచివాలయంలో రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవడమే అప్పుడు మార్గం. నోటిమాటగా చెప్పివచ్చి, ఆరు నెలల తర్వాత "ఎన్నిసార్లు చెప్పినా వినరు" అంటే లాభం లేదు.

ఇక ఆడవారి విషయం. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం స్థానాలు స్త్రీలవే. కోనసీమలోనూ, నరసాపురం వైపూ ఎన్నో ఇళ్ళలో మగవారు కువైట్‌లోనో, మస్కట్‌లోనో ఉంటారు. 2010 నాటి చట్ట సవరణ వారికి ఓటు హక్కు ఇచ్చిన మాట నిజమే. కాని పోలింగు రోజున స్వయంగా వచ్చి వేయాలి. ఓటు కోసం విమానం టిక్కెట్టు కొనేవాడెవడు? ఆ ఇంటి మాట ఊళ్ళో మాట్లాడవలసింది ఇల్లాలే. డ్వాక్రా సంఘంలో లెక్కలు చూసి, బ్యాంకు మేనేజరుతో మాట్లాడి వస్తున్న ఆడబిడ్డకు గ్రామసభలో నీళ్ళ కుళాయి గురించి రెండు మాటలు చెప్పడం బరువేమీ కాదు. బరువల్లా ఇంట్లో "నీకెందుకు ఇవన్నీ" అనే మగవారిదే.

ముందు ఆమె పేరు జాబితాలో ఉండాలి. పెళ్ళయి వచ్చిన కోడలి ఓటు పుట్టింటి ఊళ్ళోనే ఉండిపోతుంది. ఫారం 8 ఇస్తే ఇక్కడికి మారుతుంది. పద్దెనిమిది నిండిన పిల్లలకు ఫారం 6. ఇదివరకటిలా జనవరి 1 ఒక్కటే కాదు, 2022 నుంచి ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు కూడా వయసు లెక్కకు తీసుకుంటున్నారు. ఆధార్‌లో "బేగం", రేషన్ కార్డులో "బీబీ", జాబితాలో ఇంకేదో ఉంటే అదీ ఫారం 8తోనే సరిచేయించుకోవాలి. పోలింగు ముందురోజు పరుగెత్తితే ఏ అధికారీ చేయగలిగింది లేదు.

జుమా తర్వాత చందాల లెక్క చదువుతున్నాం, తప్పిపోయిన సెల్‌ఫోన్ గురించి కూడా ప్రకటిస్తున్నాం. అక్కడే రాబోయే గ్రామసభ తేదీ, చోటు, ఆ రోజు చర్చకు వచ్చే పనులు కూడా చదివితే ఏ పార్టీ పేరూ ఎత్తనక్కరలేదు. తేదీ పంచాయతీ కార్యాలయంలో అడిగితే చెబుతారు.