అతిశయోక్తికి ఆట నియమాలు: జపాన్ క్రీడా యానిమేలలో అద్భుత విన్యాసాలు

ఉపోద్ఘాతం

పిచ్చర్ విసిరిన బంతి బ్యాటు దాకా వచ్చి అదృశ్యమవుతుంది. టెన్నిస్ ఆటగాడు ఒంటికాలిని ఇరుసుగా చేసుకొని నిలబడితే, ప్రత్యర్థి ఎటు కొట్టినా బంతి అతని వద్దకే తిరిగి వస్తుంది. జపాన్ క్రీడా యానిమేలలో ఇటువంటి దృశ్యాలు సర్వసాధారణం. వీటిని బాలల కాలక్షేపంగా తోసిపుచ్చడం సులభమే. కాని మన ఆలంకారికులు లోకాన్ని మించిన మాటను దోషంగా చూడలేదు. భామహుడు అతిశయోక్తిని నిర్వచిస్తూ, వక్రోక్తి అంతా అదేనన్నాడు. కనుక అడగవలసింది ‘ఇది సంభవమా?’ అని కాదు. ఏ అతిశయం రంజింపజేస్తుంది, ఏది విసుగు పుట్టిస్తుంది అని. ఆట నియమం చెక్కుచెదరకుండా ఉండి, విన్యాసానికి ఒక కారణమూ ఒక మూల్యమూ ఉన్నప్పుడే అది ప్రేక్షకుణ్ణి పట్టి నిలుపుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

మాయబంతిలోని తర్కం

ఈ సంప్రదాయానికి మూలస్తంభం ‘క్యోజిన్ నో హోషి’. ఇక్కి కజివారా రచనకు నొబోరు కవసాకి బొమ్మలు గీసిన ఈ మాంగా 1966 నుండి 1971 వరకు ధారావాహికగా వెలువడింది; యానిమే 1968లో మొదలైంది. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో జపాన్ మహిళల వాలీబాల్ జట్టు స్వర్ణం గెలవడం, ఆ జట్టుకు హిరొబుమి దైమత్సు ఇచ్చిన కఠోర శిక్షణ దేశమంతటా చర్చకు రావడం అప్పటికి ఇంకా తాజా జ్ఞాపకాలే. క్రీడకు ‘కొంజో’ను, అనగా మొక్కవోని పట్టుదలను, జోడించిన ‘స్పోకోన్’ అనే కథాప్రక్రియ ఆ వాతావరణంలోనే పెరిగింది.

కథానాయకుడు హ్యూమా చిన్న శరీరం గల ఎడమచేతి పిచ్చర్. అతని బంతి వేగంగా వస్తుంది గాని తేలిక. బ్యాటుకు సరిగా తగిలితే చాలా దూరం పోతుంది. ఈ లోపం నుండే అతని మాయబంతులు పుడతాయి. మొదటిది బ్యాటర్ కదలికను ముందే ఊహించి, నేరుగా బ్యాటునే వెతుక్కొని తగులుతుంది. ఫలితంగా బంతి బలహీనంగా నేలమీద దొర్లుతుంది. రెండవది మట్టి ధూళి మరుగున కనిపించకుండా పోతుంది. మూడవది బ్యాటు విసురుకు పుట్టే గాలికే పక్కకు తొలగుతుంది. అందువల్ల దానిని బలంగా కొట్టబోయేవాడు ఓడతాడు. అలసి సొలసి బ్యాటును నెమ్మదిగా కదిపేవాడికి అది చిక్కుతుంది.

భౌతికశాస్త్రం వీటిని అంగీకరించదు. అయినా ప్రతి బంతికీ ఒక వివరణ ఉంది, ఆ వివరణలోనే దాని పతనం దాగి ఉంది. ప్రేక్షకుడు మాయను చూసి నివ్వెరపోవడంతో ఆగడు. ప్రత్యర్థితో పాటు కూర్చుని ఆ చిక్కుముడిని విప్పుతాడు. రసానుభూతికి అపరాధ పరిశోధన తోడయిందన్నమాట. బేస్‌బాల్ నియమాలు మాత్రం ఎక్కడా సడలవు. మూడు స్ట్రైక్‌లకు బ్యాటర్ అవుట్ కావలసిందే.

సాగదీసిన క్షణం

బంతి చేతిని వీడి బ్యాటును చేరేలోపు పాత్రలు గతాన్ని తలచుకొంటాయి, వాదించుకొంటాయి, కన్నీరు పెట్టుకొంటాయి. వారం వారం ప్రసారమయ్యే ధారావాహికకు తక్కువ చిత్రాలతో ఎక్కువ సమయం నింపవలసిన అవసరం దీనికి ఒక కారణం. కాని ఆ పొదుపే క్రమంగా శైలి అయింది. ‘ఏస్ ఓ నెరాయె’ (1973) దర్శకుడు ఒసాము దెజాకి ఉద్వేగ శిఖరంలో కదలికను ఆపి, వర్ణచిత్రం వంటి నిశ్చలదృశ్యాన్ని నిలపడంలో పేరు పొందాడు. మైదానంలో రెప్పపాటులో ముగిసే నిర్ణయానికి అంతరంగంలో ఎంత నిడివి ఉంటుందో ఈ సాగతీత చూపుతుంది.

యోయిచి తకహాషి ‘కెప్టెన్ త్సుబాసా’ (1981)లో సాగినది కాలం ఒక్కటే కాదు. పరుగెత్తేకొద్దీ పరుగెత్తేకొద్దీ గోల్‌పోస్టు దిగంతం అంచున గాని కనిపించదు. దీనిపై హాస్యాలకు కొదవలేదు. అయితే ఆ మాంగా మొదలయ్యేనాటికి జపాన్‌లో వృత్తి ఫుట్‌బాల్ లీగ్ లేదు; జె.లీగ్ ఆటలు 1993లో గాని ఆరంభం కాలేదు, ప్రపంచకప్ ప్రధాన పోటీలకు జపాన్ తొలిసారి చేరింది 1998లో. లేని వైభవాన్ని ఊహించడానికి వాస్తవ కొలతల మైదానం చాలలేదనుకోవచ్చు.

శరీరం చెల్లించే వెల

తకెషి కొనొమి ‘ప్రిన్స్ ఆఫ్ టెన్నిస్’లో బంతిని తనవైపు తిప్పుకొనే ఆ ఆటగాడు తెజుకా. అతణ్ణి మరువరానివాడిగా చేసింది ఆ నైపుణ్యం కంటే అతని మోచేతి గాయం. ‘కురొకో నో బాస్కెట్’ నాయకుడు ఎదుటివారి చూపును మళ్లించి అదృశ్యప్రాయుడవుతాడు. ఆట సాగేకొద్దీ వారి కళ్లు అతనికి అలవాటుపడి ఆ శక్తి తరిగిపోతుంది. ఇందుకు భిన్నంగా, 2008 నాటి వీడియో గేమ్ నుండి పుట్టిన ‘ఇనజుమా ఎలెవెన్’లో గోల్‌కీపర్ అరచేతి నుండి వెలుగుల మహాహస్తం లేస్తుంది. అది ఎలా సాధ్యమో ఎవరూ అడగరు. కన్నుల పండుగే గాని, కొన్ని భాగాల తరువాత ఒక విన్యాసాన్ని దానికంటే పెద్ద విన్యాసం మింగడమే కథ అవుతుంది. క్షేమేంద్రుడు చెప్పిన ఔచిత్యం ఇక్కడ పలుచబడినట్లు తోస్తుంది.

మూల్యం కథకు బలమే అయినా, దానిని నిస్సంశయంగా మెచ్చుకోలేము. హ్యూమా తండ్రి ఇత్తెత్సు బాలుడైన కొడుకు ఒంటికి స్ప్రింగులు బిగించి పెంచుతాడు. ఆ హింసను కథ చాలామేరకు ప్రేమగానే చూపుతుంది. ఈ కథనే 2012లో ‘సూరజ్: ది రైజింగ్ స్టార్’ పేరిట ముంబయి నేపథ్యంలో, బేస్‌బాల్ స్థానంలో క్రికెట్‌తో, హిందీలో పునర్నిర్మించారు. అందులో హైదరాబాదు కేంద్రంగా గల డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్ పాలుపంచుకొంది. పిచ్చర్ మోచేతిని స్వేచ్ఛగా వంచి విసరవచ్చు. క్రికెట్ బౌలర్ మోచేతి సాగుదలకు 15 డిగ్రీల హద్దు ఉంది. ఆట మారితే అతిశయోక్తి నిలిచే నేల కూడా మారక తప్పదు. తండ్రీకొడుకుల ముడి మాత్రం ఏ ఆటలోనైనా ఒకటే.

మూల మాంగా చివరి పోటీలో హ్యూమా తన మూడవ మాయబంతితో ఒక్క బ్యాటర్‌నూ బేస్ చేరనీయక గెలుస్తాడు. ఆ గెలుపుతోనే అతని ఎడమచేయి శాశ్వతంగా పాడైపోతుంది. నాడు ప్రత్యర్థి జట్టుకు శిక్షకుడుగా ఉన్నది ఇత్తెత్సు.