నీళ్ల మీద బుడగ లేచిన చోట

పగటి అన్నం తిని చెయ్యి కడుక్కుంటుండగానే వాకిట్లో దోస్తు బండి ఆగింది. "ఎర్రలు తవ్వినవారా?" ఆదివారం పూట వాడి పలకరింపు అదే. పశువుల కొట్టం వెనక తడిమన్నులో పొద్దున్నే తవ్వి, పగిలిన కుండ పెంకులో అదే మన్ను కప్పి ఉంచాను. ఎర్ర బతికి మెదులుతుంటేనే చేప దగ్గరికి వస్తుంది. ఎండకు వాడిపోయినదాన్ని పరకపిల్ల కూడా ముట్టదు.

నేను వనపర్తిలో బడిపంతులును. పుట్టింది పాన్‌గల్‌లో. శ్రావణంలో నాలుగు వానలు పడ్డాక ఒక్క ఆదివారమైనా చెరువు ఒడ్డున గాలం వేసుకుని కూర్చోకపోతే ఆ ఏడు వానాకాలం వచ్చినట్టే అనిపించదు. వెనక కోటగుట్ట, ముందు నిండు చెరువు. నా చిన్నప్పుడు సంక్రాంతి దాటితే చెరువు నడుమ పశువులు మేసేవి. పాలమూరు అంటే వలస అని పేరుపడ్డ రోజులవి. తర్వాత జూరాల ఎడమ కాలువ వచ్చింది. ఎల్లూరు దగ్గర శ్రీశైలం వెనక నీళ్లను ఎత్తిపోసే కల్వకుర్తి పథకం వచ్చింది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చాలా చెరువుల పూడిక తీశారు. నీళ్లు నిలిచాయి, నీళ్ల వెంట చేప వచ్చింది. మన పెబ్బేరులో ఇప్పుడు చేపల చదువు చెప్పే కాలేజీ కూడా ఉంది.

మా సరంజామా పెద్దదేమీ కాదు. ఎండిన వెదురు కట్టె, దానంత పొడవు నైలాన్ దారం, కొసకు గాలం, జానెడు పైన చిన్న సీసం గుండు, ఇంకా పైన బెండు. ఈ బెండే మాకు నీళ్లలోని కన్ను. దుకాణంలో ప్లాస్టిక్‌వి దొరుకుతాయి గానీ మావాడు ఇప్పటికీ జొన్న దంటు నుంచే బెండు తీసుకుంటాడు. వేలెడు ముక్క కోసి, నడుమ గాటు పెట్టి దారం ఇరికిస్తాడు. చేప ఎరను మూతితో తాకినా అది వణుకుతుంది. నీటి లోతును బట్టి బెండును పైకీ కిందికీ జరపాలి. ఎర బురదలో పడుకోకూడదు, అడుగుకు బెత్తెడు పైన వేలాడాలి.

కూర్చునే చోటు కూడా చూసుకోవాలి. తుమ్మచెట్టు నీడ నీళ్ల మీద పడే చోట, తుంగ మొలిచిన అంచున కూర్చుంటాం. ఎండపూట చేప నీడకు చేరుతుంది. నెమ్మదిగా మాట్లాడుకుంటే ఏమీ కాదు, కాలు దబదబ వేస్తేనే ముప్పు. చేప ఒంటికి రెండు పక్కలా గీతలా సాగే ఇంద్రియం ఒకటుంది. నీళ్లలో పుట్టే చిన్న అదురును కూడా అది దాంతోనే పసిగడుతుంది.

ఇక బెండును చదవడం. పరకలు చిటుకు చిటుకుమని పొడుస్తాయి, బెండు ఆడుతుంది గానీ మునగదు. జెల్ల ఎరను నోట కరుచుకుని పక్కకు లాక్కుపోతుంది. కొర్రమట్ట తీరు వేరు. ఒక్క గుంజుతో బెండును ముంచుతుంది, కాసేపు ఆగుతుంది, ఎరను మింగాక కదులుతుంది. ఆ ఆగిన క్షణంలో తొందరపడి కట్టె ఎత్తితే ఉత్త గాలమే చేతికొస్తుంది. "ఆగు, ఇంకా మింగలే" అని మావాడు నా మోచెయ్యి పట్టుకుని ఆపిన రోజులు ఎన్నో.

ఆ మధ్యాహ్నం మొదట పడింది జెల్ల. దాన్ని పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది. రెండు పక్క రెక్కల ముందూ, వీపు రెక్క ముందూ గట్టి ముళ్లుంటాయి. గుచ్చుకుంటే చెయ్యంతా సలుపుతుంది. అరచేతిని కడుపు కింద పెట్టి, చూపుడు వేలు ఒక ముల్లు వెనక, బొటనవేలు ఇంకో ముల్లు వెనక దూర్చి అదిమి పట్టాలి. అప్పుడు అది కిర్రు కిర్రుమంటుంది. మావాడు చూడకుండానే ఆ పని చేస్తాడు. చెరువు మీద బతికిన ఇంట్లో పుట్టిన చెయ్యి అది.

మా ఇద్దరి మనసూ మాత్రం కొర్రమట్ట మీదే. పుస్తకాల్లో కొరమీను అంటారు. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించింది దీన్నే. మృగశిర కార్తెనాడు హైదరాబాద్‌లో పంచే చేప ప్రసాదంలో వాడేదీ దీని పిల్లనే. తల పాము తలను పోలి ఉంటుంది, ముళ్లు తక్కువ, అంగట్లో రవ్వ, బొచ్చెల కన్నా ధర చాలా ఎక్కువ. దీని అసలు విశేషం ఊపిరి. మొప్పల పైన గాలిని పట్టి ఉంచే అర ఒకటి ఉంటుంది. నీళ్లలోని ప్రాణవాయువు ఒక్కటే దీనికి చాలదు, నడుమ నడుమ పైకి వచ్చి గాలి మింగాల్సిందే. అందుకే చెరువు ఎండినా తడి బురదలో దాక్కుని బతుకుతుంది. అందుకే మనకు కనబడుతుంది కూడా. నీళ్ల మీద 'గుబుక్' మని చప్పుడు, వెంటనే ఒక బుడగ. అది లేచిన చోటు గుర్తుపెట్టుకుని, రెండు మూరల అవతల గాలం జారవిడవాలి.

అట్లాంటాలో ఉండే మా చిన్నాయన కొడుకు అక్కడి బాస్ చేపల ఫొటోలు పంపుతుంటాడు. అదీ మన కొర్రమట్ట లాగే నాచులో పొంచి ఉండి వేటాడే మంచినీటి చేప. వాడుండే జార్జియాలోనే 1932లో జార్జ్ పెర్రీ పట్టిన పది కిలోల బాస్ నేటికీ ప్రపంచ రికార్డు. 2009లో జపాన్‌లో దొరికిన ఒక చేప దానికి సమానంగా నిలిచింది. అక్కడ లైసెన్సు తీసుకుని గాలం వేస్తారట, చాలామంది పట్టిన చేపను మళ్లీ నీళ్లలోకే వదిలేస్తారట. మగ బాస్ గూడు కాపలా కాస్తూ దగ్గరికి వచ్చిన దేన్నైనా కరుస్తుందని, ఆ కాలంలో దాన్ని పట్టినా వెంటనే వదిలేస్తానని వాడు ఫోన్‌లో చెప్పాడు. ఆ మాట ఆ రోజే మా కళ్ల ముందుకు వచ్చింది.

నాలుగున్నర దాటి ఉంటుంది. తుంగ అంచున బుడగ లేచింది. నేను చిన్న కప్పపిల్లను గుచ్చి గాలం విసరబోయాను. మావాడు కట్టె పట్టుకున్నాడు. "తియ్యిరా గాలం. పిల్లల తల్లి అది." అప్పుడు చూశాను. బుడగ పక్కనే నీళ్లు ఎర్రగా మెదులుతున్నాయి. కుంకుమ కలిపినట్టున్న వందల పిల్లలు, ఒక్కోటి జీలకర్ర గింజంత, చాటంత మేర ఒకే గుంపుగా పొర్లుతున్నాయి. వాటి కింద నల్లటి నీడ.

కొర్రమట్ట గుడ్లు పెట్టి వదిలేసి పోయే చేప కాదు. తల్లీ తండ్రీ పిల్లల కింద తిరుగుతూ, దగ్గరికొచ్చిన కప్పనూ చేపనూ తరుముతాయి. ఆ గుంపులోకి గాలం వేస్తే తప్పకుండా పడుతుంది, ఆకలితో కాదు, పిల్లల కోసం మీదికి దూకి. కాపలా పోయిన గంటలోనే మిగతా చేపలు ఆ పిల్లలను మింగేస్తాయి. ఒక్క పూట కూర కోసం వందల చేపలు పోతాయి. "మా నాయన ఈ ఒక్కటి మాత్రం కొట్టి చెప్పిండు" అన్నాడు మావాడు, గాలం చుట్టుకుంటూ.

ఈ సరదా మొదలుపెట్టాలనుకునే వాళ్లకు నేను చెప్పేదీ ఇదే. చెరువులో చేప మీద హక్కు మత్స్యకారుల సంఘానిది, వాళ్లను అడిగి కూర్చోండి. మందు కలపడం, తూటాలు పేల్చడం 1897 నాటి చట్టం నుంచే నేరం. తెగిన నైలాన్ దారాన్ని ఒడ్డున వదలకండి, కొంగల కాళ్లకు చుట్టుకుంటుంది. వానాకాలంలో ఎర్రటి గుంపు కనబడితే ఆ చోటు వదిలేయండి.

ఆ సాయంత్రం మూడు జెల్లలు, గుప్పెడు పరకలతో ఇల్లు చేరాం. చింతపండు పులుసుకు అవి చాలు.

నెల దాటాక మళ్లీ వెళ్లాం. ఎర్రటి గుంపు లేదు. ఆ రంగు పోయి, పిల్లలు బూడిదరంగుకు తిరిగి, దేని దారిన అది పోయే వయసుకు వచ్చాయి. బెండు మీద చూపు నిలిపి కూర్చున్నాం. పొద్దు గుట్ట వెనక్కి వాలుతుంటే తుంగ అంచున చప్పుడు లేకుండా ఒక బుడగ లేచింది, పెసరగింజంత. దాని పక్కన ఇంకోటి. మూరెడు అవతల ఇంకో రెండు. మావాడు ఏమీ అనలేదు. వేలు మాత్రం చూపించాడు.