ఒకే కీర్తన – మూడు వాద్యాలు

"రఘువంశ సుధాంబుధి" కీర్తన వాద్యకారులకు ఒక పరీక్ష వంటిది. పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ (1845–1902) గారు దీనిని కదనకుతూహల రాగంలో కట్టారు. ఆరోహణ స రి మ ద ని గ ప స. అంటే మెట్లు వరుసగా ఎక్కనివ్వని నిచ్చెన అన్నమాట. పైగా వేగంగా సాగాలి.

కాకినాడలో పుట్టిన చిట్టిబాబు (1936–1996) వీణ మీద, పాలకొల్లు శ్రీనివాస్ (1969–2014) మాండలిన్ మీద, కద్రి గోపాల్‌నాథ్ (మరణం 2019) శాక్సఫోన్ మీద వాయించిన రికార్డులు విని, ఎవరు గొప్ప అని మిత్రులతో వాదానికి దిగాను. వేగమున్నవారిదే గెలుపని నా తీర్పు.

సెలవుల్లో జీడిమెట్లలో మా బాపుకు మూడూ వినిపించాను. పొలం తప్ప రాగాల పేర్లెరుగని మనిషి. అంతా విని, "ఉరుకుడుకేమున్నదిరా, ట్రాక్టరు గూడ ఉరుకుతది. గీ వీణ మీటినంక సప్పుడు సన్నగైతుంటే గూడ పాట నడుస్తనే ఉన్నది సూడు" అన్నాడు.

అప్పుడు నా భౌతికశాస్త్రం గుర్తుకొచ్చింది. మీటిన క్షణం నుంచే తీగ శబ్దం తగ్గిపోతుంది. ఆ తగ్గే లోపలే వైణికుడు తీగను పక్కకు లాగి పై స్వరం పలికించాలి. కంపనసంఖ్య బిగువు యొక్క వర్గమూలాన్ని బట్టి ఉంటుంది గదా! స నుంచి రి కి పోవాలంటే 9/8 రెట్లు. అందుకు బిగువు 81/64 రెట్లు, అంటే సుమారు నూటికి 27 వంతులు పెరగాలి. ఆ లెక్కంతా ఒక్క వేలు చేస్తుంది!

శాక్సఫోన్‌కు ఈ బాధ లేదు. ఊపిరి ఉన్నంతసేపూ నాదం ఉంటుంది. కాని దాని మీటలు విడివిడి స్వరాలకు చేసినవి. ఒక స్వరం నుంచి మరోదానికి జారే గమకాన్ని పెదవితో, ఊపిరితో సాధించాలి. ఇక మామూలు మాండలిన్‌కు జంట తీగలు, నాదం పొట్టిది. శ్రీనివాస్ ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టారు. తీగ లాగడం సులువైంది, సన్నని జారు కూడా స్పీకరులో వినపడింది.

కనుక ముగ్గురిలో ఎవరు గొప్ప అన్న ప్రశ్నే మార్చుకున్నాను. ఎవరి వాద్యం ఏది కాదన్నది, దానిని వారెట్లా ఒప్పించారు? మీరూ ఈ మూడు రికార్డులు వరుసగా వినండి. స్వరం మొదలైన చోట కాక, అది ముగిసే చోట చెవి పెట్టండి. నేను ఓడిన పందెం అక్కడే ఉన్నది.