పట్టాలు తీసిన దారి

సూరత్ నగరంలోని రింగ్ రోడ్డున నిలిచినవారికి మొదట కనిపించేది బట్టల వ్యాపారమే. ఇరుప్రక్కల అంతస్తులు అంతస్తులుగా లేచిన వస్త్ర మార్కెట్లు, మూటలతో క్రిక్కిరిసిన టెంపోలు, నెత్తిమీద ఫ్లైఓవరు. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాలనుండి తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్ మొదలైన పేటలలో స్థిరపడి మరమగ్గాలపై జీవనం సాగిస్తున్నవి. ఆ ఇళ్ళలో మాట తెలుగు. గడప దాటితే గుజరాతీ, హిందీ.

ఈ రోడ్డుమీది కూడళ్ళ పేర్లు గమనింపదగినవి. సహారా దర్వాజా, ఉధనా దర్వాజా, మజూరా దర్వాజా. ద్వారమున్నచోట గోడ ఉండవలెను కదా! 18వ శతాబ్ది ఆరంభంలో సూరత్ పట్టణానికి రెండవ ప్రాకారం కట్టినారు. దానికి ఆలంపనా అని పేరు. పట్టణం పెరిగి, గోడ అవసరం తీరి, అది క్రమంగా కనుమరుగైనది. దాని ద్వారాల పేర్లు మాత్రం నేటి రోడ్డుకు మిగిలినవి. యూరపులో వియన్నా నగరవాసులు కూడ 1857 తరువాత తమ కోటగోడను పడగొట్టి, ఆ జాగాలోనే సుప్రసిద్ధమైన వలయవీథిని నిర్మించుకొన్నారు.

ఒక తరంవారు ఒక పనికై గీసిన గీత మరొక తరంవారికి వేరొక పనికి వచ్చుట నగర చరిత్రలో సామాన్యమే. అట్టి గీతలలో మిక్కిలి పొడవైనవి రైలు మార్గాలు. రైళ్ళు నిలిచిపోయిన మార్గాన్ని మనుష్యులు నడిచే బాటగా మార్చరాదా? సాయంకాలం కుమారునికి సైకిలు నేర్పదలచి, రింగ్ రోడ్డు రద్దీని చూచి వెనుదిరిగే తండ్రికి ఇది ఊసుపోని ప్రశ్న కాదు.

రైలుకట్ట నడకకు అంతగా అనుకూలించుటకు కారణం ఇనుము స్వభావంలోనే ఉన్నది. ఇనుప పట్టాపై ఇనుప చక్రానికి పట్టు తక్కువ. ఏటవాలు ఎక్కువైతే చక్రం జారును. అందుచేత ఇంజనీర్లు గుట్టను తొలిచి, పల్లాన్ని పూడ్చి, నూరు అడుగులు సాగితే ఒక అడుగు మాత్రమే ఎక్కునట్టి వాలుతో మార్గం వేయుటకు ప్రయత్నించినారు. కొండ ప్రాంతాలలో వాలు ఇంతకంటె ఎక్కువే కావచ్చును గాని, అక్కడి రోడ్లతో పోల్చిన అది స్వల్పమే. బండి కోసం చేసిన ఈ ఏర్పాటు వృద్ధులకు, పసివారికి, చక్రాల కుర్చీలో తిరిగేవారికి వరమైనది. ఆయాసం లేకుండ అడవిలోనికి, కొండ నడుమకు పోవుటకు ఇంతకంటె సుకరమైన దారి వేరొకటి లేదు. కట్టపై నడిచేవారికి పొలాలు పైనుండి కనిపించును. కోతలో నడిచేవారికి ఇరుప్రక్కల రాతిపొరలు పుస్తకంలో పుటలవలె తెరచియుండును. తూములు, మైలురాళ్ళు, పాత స్టేషను గదులు త్రోవ పొడవునా పలకరించును.

ఈ భావనకు తొలి రూపాలలో ఒకటి అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో కలదు. ఎల్రాయ్ నుండి స్పార్టా వరకు సుమారు 51 కిలోమీటర్ల మార్గంలో రైళ్ళు ఆగిపోగా, ప్రభుత్వం దానిని కొనుగోలు చేసి 1967లో సైకిలు బాటగా తెరచినది. దానిలో మూడు సొరంగాలున్నవి. పెద్దది కిలోమీటరుకు పైబడిన పొడవు గలది. వేసవిలో కూడ లోపల చలి, పైనుండి నీటి చుక్కలు. సైకిలు దిగి, దీపం చేతబట్టి నడచిపోవలెను. కంకర రాళ్ళపై నడక కాళ్ళకు హింస గనుక, మెత్తగా పిండిచేసిన సున్నపురాయి పరచినారు.

అయితే, రేపు రైలు మరల అవసరమైతే? కట్టను ముక్కలుగా అమ్మివేసిన తరువాత ఎన్ని కోట్లు వెచ్చించినా ఆ ఏకసూత్రం తిరిగి దొరకదు. 1983లో అమెరికా ప్రభుత్వం ఈ చిక్కును ఊహించి, మూతపడిన మార్గాన్ని బాటగా వాడుకొనుచునే భవిష్యత్తులో రైలుకు తిరిగి ఇచ్చుటకు వీలుగా చట్టాన్ని సవరించినది. నా దృష్టిలో ఈ ఉద్యమానికంతకు ఆయువుపట్టు ఈ సవరణే.

మన గోదావరి జిల్లావారికి దీని అర్థం వేరే చెప్పనక్కరలేదు. 1928లో వేసిన కాకినాడ–కోటిపల్లి మార్గంలోని పట్టాలను రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1940లో ఊడదీసి తరలించినారు. ఆ 45 కిలోమీటర్ల లైను కోసం కోనసీమ ప్రజలు దశాబ్దాలపాటు కోరుచునే ఉన్నారు. లోక్‌సభాధ్యక్షుడైన జి.ఎం.సి. బాలయోగి దానికై పాటుపడినారు. 2002లో ఆయన మరణించిన తరువాత, 2004లో రైలు మరల నడిచినది. అరువదేండ్ల తరువాత పట్టాలు తిరిగి వచ్చుట సాధ్యమే.

తిరిగిరాని మార్గాలు కూడ ఉన్నవి. గుంతకల్లు–గుంటూరు మీటరుగేజి లైను నల్లమలను దాటేచోట, గేజి మార్పిడి సందర్భంలో దారి మారగా, దొరబావి వద్ద లోయపై కట్టిన ఎత్తైన పాత వంతెన వాడుకనుండి తొలగినది. అది పెద్దపులి తిరిగే అడవి. అచ్చట బాట వేయవలెనన్నచో అటవీశాఖ మాట మొదటిది, యాత్రికుని కోరిక తరువాతిది.

రింగ్ రోడ్డువారికి సమీపాన గల ఉదాహరణ బిలిమోరా–వాఘై చిన్నలైను. గాయిక్వాడుల కాలంలో, 1913లో ఆరంభమైన ఈ 63 కిలోమీటర్ల మార్గం డాంగ్ అడవుల అంచువరకు పోవును. పట్టాల మధ్య ఎడము రెండున్నర అడుగులే. 2020లో దానిని మూసివేయ నిర్ణయించగా, స్థానిక ప్రజలు, ముఖ్యంగా గిరిజనులు, అభ్యంతరం తెలిపినారు. 2021 సెప్టెంబరులో బండి మరల కదలినది. కనుక అది నడకదారి కాదు. పట్టాలున్నచోట, బండి అరుదుగా వచ్చినను, అనుమతి లేక నడచుట 1989 నాటి రైల్వే చట్టం ప్రకారం శిక్షార్హం. ప్రాణాపాయం సంగతి సరేసరి. సూరత్‌నుండి ప్రధాన మార్గంలో బిలిమోరా చేరి, ఆ చిన్నబండి నడిచే రోజున కిటికీ దగ్గర కూర్చున్నచో, మామిడితోటలు దాటి టేకుచెట్లు మొదలయ్యే వరకు నింపాదిగా చూచుచు పోవచ్చును.