గడప దాటితే హక్కు పోతుందా?

నాలుగో జ్వరం లేచిన పురుగుకు పూటపూటా ఆకు వేసేది, చంద్రికల మీదికి పురుగు ఎక్కించేది, గూళ్లు విడిపించేది ఎక్కువగా మన ఇళ్లలో ఆడవాళ్లే. పహణీ మాత్రం భర్త పేరునో మామ పేరునో ఉంటుంది. కాపురం చెడి విడాకుల దాకా వస్తే, "గడప దాటినావంటే నీకేమీ లేదు" అంటారు. అది నిజం కాదు. అయితే సగం తోట వస్తుందన్న ఆశ కూడా వద్దు. పెళ్లయ్యాక సంపాదించినదాన్ని చెరిసగం పంచే చట్టం కర్ణాటకలోనూ లేదు, పక్కన ఆంధ్రాలోనూ లేదు. ఎన్నేళ్లు ఆకు కోసినా ఆ కష్టం పహణీకి ఎక్కదు. మా దృష్టిలో ఇది అన్యాయమే.

ఇక ఉండే హక్కు. ఇల్లు ఎవరి పేరున ఉన్నా సరే, కాపురం చేసిన ఇంట్లోంచి భార్యను చట్టప్రకారం తప్ప వెళ్లగొట్టకూడదని 2005 గృహహింస చట్టం చెబుతుంది. బెంగళూరులో ఒక ఇల్లు భర్త నుంచి మామకు, మామ నుంచి అత్తకు మారింది. వృద్ధుల చట్టం కింద కోడల్ని ఖాళీ చేయించబోయారు. 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. దెబ్బలకు భయపడి పుట్టింటికి వచ్చేసినా మెజిస్ట్రేటును అడగవచ్చు. ఆ ఇంట్లో చోటో, వేరే ఇంటికి బాడుగో ఇప్పిస్తారు. కాకపోతే అది ఉండే హక్కే, అమ్ముకునే హక్కు కాదు. విడాకుల డిక్రీ వచ్చేశాక అడిగితే కష్టం, ముందే అడగండి.

నగల సంగతి వేరు. పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం మీదే. పురుగుల షెడ్డు కట్టడానికి కుదువ పెట్టినా, అమ్మినా, తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత భర్తది. 2024 ఏప్రిల్‌లో కేరళ కేసు ఒకదాంట్లో, పోయిన నగలకు బదులు భార్యకు 25 లక్షలు ఇమ్మని సుప్రీంకోర్టు భర్తను ఆదేశించింది. అందుకే నగల బిల్లులు, పెళ్లి ఫోటోలు, కుదువ రసీదులు, బ్యాంకు పాస్‌బుక్కు బయల్దేరేటప్పుడే చేతిలో ఉండాలి. మూటలో చీరలకన్నా ఇవి ముందు.

పుట్టింటి భాగం మరిచిపోకండి. హిందూ కుటుంబాల్లో పెళ్లయిన కూతురికీ, విడాకులైన కూతురికీ పిత్రార్జితంలో కొడుకుతో సమాన వాటా 2005 నుంచి దేశమంతా ఉంది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన భాగాలను మాత్రం తిరగదోడరు.

లాయరు ఫీజుకు భయపడొద్దు అక్కా. ఆదాయం ఎంతున్నా ఆడవాళ్లకు ఉచిత న్యాయసాయం ఉంది. తాలూకా కోర్టులో న్యాయసేవల సమితిని అడగండి. రాత్రిపూట ఆపదైతే 181.